తొలి ఆనపపిందె

అడిగిన రోజునే జవాబు చెప్పడం సింహాద్రాచార్యులుగారి అలవాటు కాదు. ప్రశ్న కూడా ఊరగాయ లాంటిదేననీ, జాడీలో కొన్నాళ్ళు ఊరితే గాని రుచికి రాదనీ అనేవారు. విజయనగరంలో ఆయన ఆదివారం ఆదివారం ఉపనిషత్తులు చెప్పేవారు. గొంతు సన్నగిల్లాక, ఇకమీదట తన పీట మీద శిష్యుడు కూర్మారావు కూర్చుంటాడని పదిమందిలోనూ అనేశారు.

కూర్మారావు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మాట ధాటి ఉంది, చదువు ఉంది. అందరూ సంతోషించారు గాని అతనికి మాత్రం అన్నం సయించడం మానేసింది. ఓ ఆదివారం జనం వెళ్ళిపోయేదాకా ఆగి అడిగేశాడు.

"గురువుగారూ, భక్తి గురించి చెప్పమంటే గంటసేపు చెప్తాను. నాకు మాత్రం ఒక్కనాడూ ఒళ్ళు జలదరించలేదు. ఈ చెయ్యి తనంతట తాను దేనికీ మొక్కలేదు. అలాంటివాణ్ణి ఆ పీట మీద కూర్చుంటే నమ్మి వచ్చినవాళ్ళని మోసం చెయ్యడమే కదండీ? అది ఎలా వస్తుందో చెప్పండి. లేదా నన్ను వదిలెయ్యండి."

ఆచార్యులుగారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. "మీ ఇంటి వెనక జాగా ఉందా?"

"ఉందండి. కంకరా, ఇటుకముక్కలూ తప్ప మరేం లేవు."

"ఆనపపాదు పెట్టు. పిందె నిలిచాక కబురు చెయ్యి, వచ్చి చూస్తాను."

కూర్మారావుది ఊరి శివారున కొత్త కాలనీ. ఇల్లు కట్టినవాళ్ళు మిగిలిన చెత్తంతా పెరట్లోనే పూడ్చిపోయారు. గునపం వేస్తే చాలు, ఖంగుమని ఏదో సిమెంటు పెళ్ళ. గురువుగారు తనను వదిలించుకోవడానికే ఈ పని చెప్పారేమోనని కూడా అనుకున్నాడు. అయినా తవ్వాడు. పేడ ఎరువు కలిపి మట్టి నింపాడు. అతని భార్య వరహాలు పుట్టింటి నుంచి తెచ్చిన విత్తులు నానేసి ఇచ్చింది. వాన పడ్డాక తీగ లేచి పందిరి ఎక్కింది. సాయంత్రాలు తెల్లటి పూలు విచ్చుకునేవి.

తొలి పిందె కనిపించగానే అతను వేలు చాచి "అదుగో!" అన్నాడు. వరహాలు గభాల్న ఆ చెయ్యి పట్టుకుంది.

"పిందెకి వేలు చూపకూడదండీ, కుళ్ళిపోతాది! చూపిస్తే వేలు మడిచి చూపించాలి."

కూర్మారావు పకపకా నవ్వాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఆవిడ మాట ఏనాడు చెవికెక్కింది గనక! ఆ పిందె పసుపెక్కి రాలిపోయింది. దాని తరవాతవీ అంతే.

"నేననలేదా?" అంది వరహాలు.

"వేలు కాదే, పుప్పొడి. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకి అందలేదు. ఈ సిమెంటు కాలనీలో సందెవేళ పూల మీద వాలే పురుగేదీ?"

అన్నాడే గాని, ఉద్యోగమంతా బోర్డు మీద బొమ్మలేసి చెప్పిన ఆ పని చేత్తో ఎన్నడూ చేసిన పాపాన పోలేదు. ఆ సాయంత్రం మగపువ్వు తుంచి, రేకులు వలిచి, ఆడపువ్వు నడిమధ్య మెల్లగా అద్దాడు.

ఆ పిందె రాలలేదు. రోజురోజుకీ నిగారింపు తేలి, నూగుతో, లేతగా, కిందికి వేలాడుతూ ఊరసాగింది. అందులో ప్రతి భాగానికీ పేరు తెలుసు అతనికి. ఒక్క పేరూ నోటికి రాలేదు. గునపం దిగని ఆ చెత్తలోంచి ఇంత నీరు, ఇంత నునుపు ఎక్కణ్ణుంచి వచ్చాయి? తను చేసిందల్లా ఒక పువ్వుకి ఇంకో పువ్వు అద్దడం. మిగిలిందంతా ఎవరు చేస్తున్నట్టు? భయం వేసింది. ఆ భయం వదిలి లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. వరహాలు పిలిచి పిలిచి, కాఫీ పందిరి కిందికే తెచ్చి ఇచ్చింది.

కబురందుకుని ఆచార్యులుగారు ఆటోలో దిగారు. కర్ర ఊతంతో పెరట్లోకి వచ్చి తలెత్తారు.

"ఏదయ్యా? నా కళ్ళకి అన్నీ ఆకులే."

"అదుగోనండి, ఆ వాసం పక్కన, ఆకు చాటున," అన్నాడు కూర్మారావు, నిద్రపోయే పసిబిడ్డని చూపిస్తున్నంత మెల్లగా.

ఆచార్యులుగారు పందిరి వైపు చూడలేదు. అతని చేతి వైపు చూశారు. వరహాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు చూసుకున్నాడు కూర్మారావు. వేలు కణుపు దగ్గరికి మడిచి ఉంది.

"ఇది మా ఆవిడ నమ్మకం అండీ," అన్నాడు సిగ్గుపడి. "చూపిస్తే కుళ్ళదని నాకు తెలుసు."

"తెలుసు కదా. అయితే చాచి చూపించు."

కూర్మారావు వేలు చాచబోయాడు. పిందె వైపు చూశాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి గాని, వేలు చాచడానికి మనసొప్పలేదు.

ఆచార్యులుగారు కర్ర చంకన పెట్టుకుని, పిందె వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగారు.

"ఆదివారం పెందరాళే వచ్చెయ్. నేను ముందు వరసలో కూర్చుంటాను."