పంక్తిలోంచి ముందే లేచినవాడు

చిదంబరస్వామి ఏ ప్రశ్నకైనా వెంటనే జవాబు చెప్పడం మేమెవరమూ చూడలేదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవారు. అందుకే మాలో తెలివైనవాళ్ళం అడగడం మానుకుని, పక్కవాడి చేత అడిగించడం నేర్చుకున్నాం. తిరుపాలుకు ఆ తెలివి లేదు. జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే మనిషి, మనసులో మాట ఎక్కడ పడితే అక్కడ అడిగేస్తాడు.

ఒక ద్వాదశి పొద్దున, ఏకాదశి ఉపవాసం ముగించి మేమంతా ఆశ్రమంలో భోజనాలకు కూర్చోబోతుండగా అడిగాడు. "సామీ, పోయినోళ్ళ లోపాలు నలుగురిలో చెప్పొచ్చునా, దాచిపెట్టాల్నా?"

"ఎవురి సంగతి?" అన్నారు స్వామి.

"మా నాయన. పోయి ఏడాది కావస్తాంది. మాజీ సైనికుల సంఘమోళ్ళు ఇంకో అయిదు రోజులకు సభ పెడతా ఉండారు. నన్ను మాట్లాడమన్నారు." జేబులోంచి కాగితం తీసి చదివాడు. హవల్దారు కాశయ్య. ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో పనిచేశాడు. అందులో సగం మంచుకొండల మీద గడిచింది. పెన్షన్‌తో తిరిగొచ్చాక మూడెకరాల చేనులో రాళ్ళు చేతులతో ఏరి బత్తాయి తోట వేశాడు. పగలు బ్యాంకు గేటు దగ్గర కాపలా, పొద్దూ మాపూ తోట పని. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు, కొడుకును చదివించాడు. ఒక్కరోజు కూడా ఒంట్లో బాగాలేదని పడుకోలేదు. కాగితంలో తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి, చరిత్ర మాస్టారు కదా.

"మరి లోపమేంది?"

"తిండికాడ మర్యాద తెలీదు సామీ. పంక్తిలో అందరికంటే ముందు లేచేటోడు."

మా ప్రాంతంలో అది చిన్న తప్పేమీ కాదు. పంక్తిలో కూర్చున్నవాడు ఆఖరివాడు తినేదాకా ఆగాలి. ముందు లేచాడంటే తక్కినవాళ్ళను ఆకుల ముందు నుంచి లేపేసినట్టే లెక్క. కాశయ్య ఆ పని కొడుకు పెళ్ళిలోనే చేశాడట. వియ్యంకుడు ఇంకా పప్పన్నమే కలుపుతున్నాడు, ఈయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఆడపెళ్ళివారి పెద్దలు మొహాలు మాడ్చుకున్నారు. పెళ్ళికొడుకు తిరుపాలు తండ్రి చెయ్యి పట్టుకుని, "ఇది నీ బ్యారక్ కాదు నాయనా, నా పరువు తియ్యొద్దు" అన్నాడు. "తప్పయింది లేరా" అన్నాడట కాశయ్య. ఆ తర్వాత ఏ పంక్తిలోనూ కూర్చోలేదు. ఎవరింట్లో శుభకార్యమైనా గరిటె పట్టుకుని వడ్డనలో నిలబడేవాడు.

"అట్లా మర్యాద నేర్పినా. దీన్ని తమాషాగా చెబితే సభ నవ్వుతాదనుకుంటా ఉండా" అన్నాడు తిరుపాలు. మేం అప్పుడే నవ్వాం. నేను కాస్త గట్టిగానే నవ్వాను.

"ఎందుకంట అంత తొందర?" స్వామి నవ్వలేదు.

"సరిహద్దు కాపలా పోస్టులో అలవాటు. కొండమీద ఇద్దరే ఉంటారంట. ఒకడు తుపాకి పట్టుకొని నిలబడితే ఇంకొకడు తినాల. ఆ అలవాటే ఇంటికి తెచ్చుకున్నాడు."

స్వామి తలూపి, "సరే, ఈ పూట వడ్డన నువ్వు చెయ్" అన్నారు.

ఆశ్రమంలో వడ్డించేవాడు అందరి తర్వాతే తినాలి. తిరుపాలు కూడా మాతోపాటు ముందురోజంతా పస్తున్నవాడే. మేం ముప్పైమందిమి. ఆకలి కొంచెం తీరాక మాకు మాటలు పుట్టుకొచ్చాయి. వానల గురించి, ధరల గురించి, అక్కడ లేనివాళ్ళ గురించి తీరిగ్గా మాట్లాడుకుంటూ తిన్నాం. తిరుపాలు పప్పుచారు బకెట్‌తో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాడు. ఒకసారి బకెట్ ఒరిగి నా పంచె మీద నాలుగు చుక్కలు పడ్డాయి. "చూసి పొయ్యవయ్యా!" అని కసిరాను. ఆ మాట అన్నది మరెవరో అని రాయాలని ఉంది. కాని అన్నది నేనే.

స్వామి ఎప్పుడూ ఆఖరున ముగించేవారు. ఆయన లేచేదాకా ఎవరూ లేవకూడదన్నది అక్కడి నియమం. ఆ రోజు మా మాటల మధ్యలోనే, మిగిలిన నాలుగు ముద్దలు గబగబా తిని లేచి నిలబడ్డారు. నిండా అన్నమున్న ఆకులు వదలలేక సగం లేచి, సగం కూర్చుని ఉండిపోయాం.

"మీరు కానియ్యండి" అని చెయ్యి కడుక్కొచ్చి, తిరుపాలు చేతిలోంచి గరిటె తీసుకున్నారు. "నువ్వు కూర్చో" అన్నారు.

తిరుపాలు వద్దువద్దంటూనే కూర్చున్నాడు. స్వామి ఆకు వేసి, పొగలొచ్చే అన్నం పెట్టి, పప్పు వేశారు. తిరుపాలు ఆత్రంగా ముద్ద కలిపాడు. ముద్ద నోటిదాకా వెళ్ళలేదు.

"సామీ, ఈ మాట మా నాయనది" అన్నాడు.

కలిపిన ముద్ద ఆకులోనే పెట్టేశాడు.

"రోజూ మా అమ్మతో అనేటోడు. అయిదు నిముషాల్లో తినేసి, లేచి, అమ్మ చేతిలో గరిటె లాక్కొని, 'నువ్వు కూర్చో' అనేటోడు. మా వీధిలో ఆడోళ్ళంతా పొద్దు వాలినాక అడుగూబొడుగూ తినేటోళ్ళు. మా అమ్మ మాత్రం మాతోపాటు వేడన్నం తినేది. అమ్మ పక్కన కూర్చొని తిన్నదే నాకు గుర్తు సామీ. నాయన నిలబడింది గుర్తు లేదు." స్వామి చేతిలోని గరిటె వైపు చూశాడు. "పెళ్ళిలో కూడా చెయ్యి కడుక్కొని వడ్డించేటోళ్ళ దిక్కు పోతా ఉండె. వాళ్ళు పొద్దుటి నుంచి తినలేదు. సాంబారు బకెట్ అందుకోబోతా ఉంటే, నేను చెయ్యి పట్టుకొని ఆపితి. నలుగురిలో అట్లా అంటి."

ఎడమచేత్తో కాగితం తీసి మడిచి, మోకాలి కింద పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు. మూడోసారి పోయించుకున్న పప్పుచారు నా ఆకులో ఉంది. తినలేను, వదిలి లేవలేను. నా మీద నాకే రోత పుట్టింది.

తిరుపాలు కళ్ళు తుడుచుకుని, "సభలో ఏమని చెప్పేది సామీ?" అన్నాడు.

స్వామి అతని అన్నం మీద నెయ్యి వేస్తూ అడిగారు. "మీ ఇంట్లో నీ భార్య ఎన్ని గంటలకు తింటాది?"

"తెలీదు సామీ" అన్నాడు తిరుపాలు. స్వామి చూపు అతన్ని దాటి పంక్తి పొడుగునా వచ్చింది. ముప్పై తలలూ ఆకుల మీదికి వంగాయి. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయింది, నాకూ తెలియదు.

"అన్నం చల్లారిపోతాంది, తిను" అన్నారు స్వామి. "సభకు ఇంకా అయిదు రోజులుండాయి గదా. కనుక్కో."