గేటు దొరకని బీడు

ఐర్లండ్ పడమటి తీరాన ఒక పల్లెలో, తరాలుగా వస్తున్న కథలన్నీ గోబ్నట్ అనే ముసలావిడ నోట్లో ఉండేవి. వాటిని రాసుకోనిచ్చేది కాదు. నోటితో చెప్పి, నోటితోనే అప్పజెప్పించుకునేది. అలా నేర్చుకుంటున్న ఫింటన్ ఒక మధ్యాహ్నం విసిగిపోయి అడిగాడు: "అమ్మా, ఈ ముచ్చట్లు ఇప్పుడు నమ్మేవాళ్లెవరు? ఎవరి కోసం నేర్చుకోవాలి?"

ఆమె ఆకాశం వైపు చూసింది. "వానొచ్చేలా ఉంది, మేకను తోలుకురా నాయనా," అంది.

మేక ఇంటి వెనక బీడులో ఉంది. చుట్టూ నడుమెత్తు రాతిగోడ, ఒకటే గేటు. ఫింటన్ రోజూ పోయే చోటే. లోపల నాలుగడుగులు వేశాడో లేదో, సముద్రం మీంచి పొగమంచు కమ్మేసింది. గోడ తడుముకుంటూ నడిచాడు. నడిచేకొద్దీ గోడ సాగుతోందే కాని గేటు రాదు. విసుగొచ్చి గోడెక్కి దూకాడు. దూకిన చోటా అదే పచ్చిక, ఎదురుగా అదే గోడ.

అప్పుడు పక్కనే ఎవరో ఆయాసపడుతున్న చప్పుడైంది. "అయ్యా, గేటు ఎటువైపు?" అని ఒక మగగొంతు ఎంతో మర్యాదగా అడిగింది. మనిషి మాత్రం లేడు.

ఆ భయంలో ఫింటన్‌కి గోబ్నట్ చెప్పిన కథొకటి తట్టింది: పచ్చికలో ఒక్కోచోట కంటికి కనబడని మాయజాతి "వాళ్లు" దారి కట్టేస్తారని, ఆ చోటు తొక్కినవాడు కోటు లోపలివైపు పైకొచ్చేలా తిరగేసి తొడుక్కుంటేనే బయటపడతాడని. సారాకొట్టులో ఆ కథ చెప్పి ఎన్నోసార్లు నవ్వించాడు. ఇప్పుడు గబగబా కోటు విప్పి తిరగేసుకున్నాడు. గేటు మోచేతి పక్కనే ఉంది.

బయట మంచన్నదే లేదు. మేక ఎప్పుడో వచ్చేసింది. గోబ్నట్ దాని తాడు పట్టుకుని నిలబడి ఉంది. ఫింటన్ వెనక్కి తిరిగి చూశాడు. బీడు నాలుగు మూలలూ తేటగా, ఖాళీగా కనబడుతున్నాయి. ఆ ఖాళీలోంచి మళ్లీ వినిపించింది: "అయ్యా, గేటు ఎటువైపు?"

"కోటు తిరగేసుకో! కోటు తిరగేసి తొడుక్కో!" ఫింటన్ గోడమీదికి వంగి గొంతు చించుకున్నాడు.

మళ్లీ అదే మాట, అంతే మర్యాదగా, ఇంకాస్త దూరం నుంచి.

గోబ్నట్ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"గోడ ఇవతలి నుంచి చెబితే వినబడదు నాయనా," అంది. "లోపలికి పోకముందే ఎవరో ఒకరు చెప్పి ఉండాలి."