గెడ్డ దూరిన కన్నం

సోమిదేవయ్య గారిని ఎవరేమడిగినా నోటంట జవాబు రాదు, అడిగినవాడి చేతికి ఏదో ఒక పని వస్తుంది. కొండల్లో ఊటల్నీ, గెడ్డలనే వాగుల్నీ పటానికెక్కించే విద్య ఆయన దగ్గర నేర్చుకుంటున్న కామేశానికి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆ రోజు ఉండబట్టలేక అడిగాడు.

"గురువుగారూ, పైడినాయుడు ఏ పాపం చేశాడండీ? చీమకైనా హాని చెయ్యని మనిషికి ఇలా రావాలా?"

వంట చేసిపెట్టే పైడినాయుడు గుడారంలో వాంతులతో, విరేచనాలతో సోలిపోయి ఉన్నాడు. డోలీ మోసేవాళ్ళు అడవి దాటి వచ్చేదాకా బతుకుతాడో లేదో తెలియదు. మిగతావాళ్ళు కాచిన నీళ్ళే తాగుతారు. అతనికి మాత్రం ఊట దగ్గర దోసిలి పడితే గానీ దాహం తీరదు.

గురువుగారు జిలేబీల్లో కలిపే ఎర్ర రంగు పొట్లం ఒకటి చేతిలో పెట్టారు. "పైన గెడ్డ కన్నంలో దూరి మాయమవుతుందే, అక్కడ కలిపి రా."

కామేశం గతుక్కుమన్నాడు. కిందటి వారం గురువుగారు మకాంలో లేనప్పుడు సామాన్లు మోసే గాడిద చచ్చిపోతే, దాన్ని ఆ కన్నంలోకే తోయించాడు. "పాతేద్దాం బాబూ, మన బరువు మోసింది" అని పైడినాయుడు బతిమాలాడు కూడా. రాతినేల ఎవడు తవ్వుతాడు? పైగా పటం గీసింది తనే. వాలు తూర్పుకి, తాగే ఊట పడమటికి; కన్నంలో నీళ్ళు ఇటెలా వస్తాయనుకున్నాడు. పటం గీసినవాడికి కొండ తన మాట వింటుందనిపిస్తుంది కాబోలు.

రంగు కలిపి వచ్చాడు గానీ గాడిద మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున బిందె పట్టుకుని ఊటకి వెళ్ళాడు. రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. బిందె పక్కన పెట్టాడు. నమ్మలేక దోసిలి పట్టాడు, అందులోనూ ఎరుపే.

"నేనే. వాణ్ణి నేనే చంపుతున్నాను" అని పైకే అనేశాడు.

వెనకే వచ్చిన గురువుగారికి గాడిద సంగతంతా ఏడుస్తూ చెప్పాడు. ఆయన తిట్టలేదు. ఆ తిట్టకపోవడానికే కామేశానికి భయం వేసింది. ఇద్దరూ తిరిగి వచ్చేసరికి గుడారంలోంచి "బాబూ, దాహం" అని నీరసంగా వినిపించింది.

"అవతలి గెడ్డ నీళ్ళు తెచ్చి, కాచి పట్టు" అన్నారు గురువుగారు. "ఎందుకిలా అయిందని అతను నిన్ను అడగడు. నువ్వే చెప్పాలి."