ఊరికే ఇస్తానన్న యూనివర్సిటీ

దేవరపేట పశువుల సంత మొత్తం మీద గవరయ్యగారి ఇంటిని మించిన తెలివైన ఇల్లు లేదు. ఆ మాట అన్నది గవరయ్యే. ఆయన బావమరిది పైడినాయుడు అవునని తలూపాడు. ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాక ఇంక బయటివాళ్ళని అడగడం దేనికని ఊరుకున్నారు. ఇద్దరూ ఎడ్ల బేరగాళ్ళు.

గవరయ్య కూతురు కుసుమ పట్నంలో ఓ ప్రైవేటు కాలేజీలో బీయస్సీ మొదటి ఏడు పాసయింది. కెమిస్ట్రీ అంటే ఆ పిల్లకి ప్రాణం. మజ్జిగైనా సరే గాజు గొట్టంలో పోసుకుని, కొలత చూసుకుని మరీ తాగేది. అంతలో కాలేజీవాళ్ళు ఫీజు రెట్టింపు చేశారు. ప్రిన్సిపాలుగారు గవరయ్యని పిలిచి, "కట్టలేకపోతే తక్కువ ఫీజున్న యూనివర్సిటీ ఏదన్నా చూసుకోండి. బదిలీ మీద రెండో ఏట్లో చేర్చుకుంటారు. శనివారం సాయంత్రం అయిదింటికి ఆఖరు, అది దాటితే పిల్లకి ఏడాది పోయినట్టే" అన్నారు.

చూసుకోమన్నారు కదా! అంతే, మర్నాడే తండ్రీ కూతురూ, పైడినాయుడూ సర్కారు యూనివర్సిటీకి పోయారు. గేటు బయట నిలబడి పొద్దుగూకేదాకా దాన్నే చూశారు. చూసి ఇంటికొచ్చేశారు.

"ఫీజెంతట?" అని అడిగారు పక్కింటి శేషగిరి మాస్టారు.

"సూడమన్నారు గానీ అడగమన్నేదు కదండీ!" అన్నాడు గవరయ్య.

మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. "ఓరి నాయనా! పాఠం చెప్పేవాళ్ళు ఎలాంటివాళ్ళో చూడాలి. ల్యాబు పనిచేస్తుందో లేదో చూడాలి. ఫీజు మాట్లాడాలి. ఎద్దుని కొనేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉంటావో ఇక్కడా అంత జాగ్రత్తగా ఉండు!"

ఇంకేముంది! ఆ ఒక్క మాటతో బావాబావమరుదులకి ఏనుగెక్కినంత సంబరమైంది. శనివారం బస్సులో కూతురికి పాఠం కూడా చెప్పాడు గవరయ్య. "ఓలమ్మీ, బేరం తెగేదాకా నోరిప్పకు. నచ్చినట్టు కనబడ్డావో, రేటు పెంచేస్తారు." అంతే, కుసుమ బస్సులోనే ఆముదం తాగిన ముఖం పెట్టేసింది.

కెమిస్ట్రీ ప్రొఫెసరుగారు నమస్కారానికి బదులు చెబుదామని నోరు తెరిచారు. పైడినాయుడు ఆ నోరు మళ్ళీ మూసుకోనివ్వలేదు. గడ్డం పట్టుకుని, పెదవి కిందకి లాగి, పళ్ళన్నీ చూశాడు. "కింద పళ్ళు అరిగిపోనాయి బావా! అయినా మన పిల్లకి రెండేళ్ళేగా, ఈడుస్తాడులే!" అన్నాడు. వెనక్కెళ్ళి వీపు మీద ఒకటి చరిచి, తన్నే రకం కాదని కూడా తేల్చాడు.

తరవాత ల్యాబు. పనిచేస్తుందో లేదో తెలియాలిగా! గవరయ్య కుళాయిలన్నీ తిప్పాడు. అన్నీ పనిచేశాయి. చాలా సంతోషించి, వాటిని అలాగే పనిచెయ్యనిచ్చి కిందకి దిగిపోయాడు. వాళ్ళు ఆఫీసుకి చేరేసరికి మెట్ల మీంచి నీళ్ళు కూడా వచ్చి చేరాయి. గుమాస్తా పరాంకుశంగారు కాళ్ళు కుర్చీ మీదకి లాక్కున్నారు.

సంతలో బేరం నోటితో ఆడరు. తువ్వాలు కింద చెయ్యి కలిపి, ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వేలని ధర చెప్పుకుంటారు. గవరయ్య తువ్వాలు తీసి పరాంకుశంగారి చేతి మీద కప్పి, నాలుగు వేళ్ళూ పట్టేశాడు. ఆయనకి అసలే చక్కిలిగింతలెక్కువ. "వదులు! వదలవయ్యా బాబూ!" అని మెలికలు తిరిగారు. గవరయ్య ఒక వేలు వదిలాడు. ఆయన ఇంకా అరిచారు. ఇంకోటి వదిలాడు.

చివరికి ఆయన గుక్క తిప్పుకుని, "ఫీజే లేదయ్యా! ఈ ఏడు సైన్సు ఆడపిల్లలకి మాఫీ చేశారు. సంతకం పెట్టి చేరిపొండి!" అని మొత్తుకున్నారు.

గవరయ్య ముఖం మాడిపోయింది. తువ్వాలు భుజాన వేసుకుని, బావమరిదిని పక్కకి లాగాడు. "ఊరికే ఇత్తానంటన్నాడ్రా! గిట్టల జబ్బో, గురకో, ఏదో ఉండే ఉంటాది."

"అందుకే గావాల, దొడ్డంతా తడి!" అన్నాడు పైడినాయుడు.

ముగ్గురూ బయటికొచ్చేశారు. కుసుమ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పాపం, నాకే జాలేసింది. కానీ నోరిప్పొద్దన్నారు కదా, ఇప్పలేదు. గేటు బయట బస్సు కోసం నిలబడ్డాక గవరయ్య, "బేరం తెగిపోనాది, ఇంక మాట్లాడమ్మీ" అన్నాడు.

"నాన్నా, నాకా ల్యాబు ఎంత నచ్చిందో!" అని భోరుమంది పిల్ల.

గవరయ్య ఎగిరి గంతేశాడు. "అయితే జబ్బేటీ నేదన్నమాట! నువ్వు నచ్చనట్టు కనబడ్డావు కాబట్టే ఫీజు అంత కిందికి దిగిపోనాది! నా కూతురివి అనిపించావు!"

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి పరాంకుశంగారు తడిసిన పంచె ఎగ్గట్టుకుని, కాగితం ఊపుతూ పరిగెత్తుకొచ్చారు. "ఏమమ్మా! అయిదవుతోంది, మూసేస్తున్నాం! ఒక్క సంతకం పెట్టి పో తల్లీ!"

కుసుమ తిరగబోయింది. గవరయ్య చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "తిరక్కు! అమ్మేవోడు ఎంటపడినప్పుడు తిరిగితే రేటు పెంచేత్తాడు!"

అంతే, ముగ్గురూ రోడ్డుకేసి చూస్తూ కొయ్యబొమ్మల్లా నిలబడిపోయారు. పరాంకుశంగారు పిలిచి పిలిచి, గొంతు పోయి వెనక్కెళ్ళారు. అయిదు కొట్టింది. గేటు పడింది. పిల్లకి ఏడాది పోయింది.

"ఏడవకమ్మీ!" అన్నాడు గవరయ్య, కూతురి తల నిమురుతూ. "ఈ ఏడు ఏమీ ఇవ్వక్కర్లేదన్నాడా? ఇంకొక్క ఏడు నచ్చనట్టు కూకున్నావంటే, ఆళ్ళే మనకి ఎదురిచ్చి చేర్చుకుంటారు!"

కుసుమకి ఆ లెక్క సబబుగానే తోచింది. కళ్ళు తుడుచుకుంది. యూనివర్సిటీకేసి తిరిగి, ముక్కు చిట్లించి, "ఛీ" అంది.