తాబేళ్ళ పేరంటం

ఇది అబద్ధమనే ధైర్యం ఎవరికైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. లేదుగా? అయితే వినండి.

అనగనగా కొండల నడుమ ఒక ఆవ. ఆవంటే ఉత్త నీటిమడుగనుకునేరు! కాకి ఈ ఒడ్డున పిల్లగా ఎగిరితే ఆ ఒడ్డున మనవలతో వాలేది, అంత. దాని నిండా తాబేళ్ళు. ఒడ్డునే చేపలు పట్టుకు బతికే ఊరు. ఆ ఊరికి కొత్తగా వచ్చిన కోడలు గైరమ్మ.

ఒకనాడు ఆ దేశపు రాజుకి తిక్క పుట్టింది. నా ఆవలో తాబేళ్ళెన్ని అన్నాడు. ఎవరూ చెప్పలేకపోయారు. అయితే గట్టు తెగ్గొట్టి, నీళ్ళన్నీ వదిలేసి లెక్కపెట్టండన్నాడు. ఆవ ఎండితే చేపలుండవు, చేపల్లేకపోతే ఊరుండదు. ఆ పూట ఏ ఇంటా పొయ్యి వెలగలేదు. గైరమ్మ మాత్రం రాజు దగ్గరికెళ్ళి, నీటిచుక్క తియ్యకుండా నేను తేలుస్తాను, గడువివ్వండంది.

ఏం చేసిందో చెప్పుకోండి! ఊఁ అనరేం, నిద్రా? వలేయించి వంద తాబేళ్ళు పట్టించింది. పట్టడం, డిప్ప తుడవడం, ఎర్ర లక్కతో బొట్టు పెట్టడం, వదలడం. మళ్ళీ పట్టడం, తుడవడం, బొట్టు పెట్టడం, వదలడం. అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "తాబేళ్ళకి పేరంటమేమిటే తల్లీ!"

అవి ఆవంతా కలిసిపోయేదాకా ఆగి, పడ్డవాటిలో బొట్టున్నవెన్నో చూసి లెక్క తేలుస్తానని రాజు ఎదుట మళ్ళీ వలేయించింది. బుట్టల నిండా తాబేళ్ళే, ఒక్కదానికీ బొట్టు లేదు! ఇవి లెక్కకందవన్నమాట, ఎత్తండి పారలన్నాడు రాజు. గైరమ్మ వల దగ్గరికి పరుగెత్తింది. వల వేసిన మామగారిని పక్కకి లాగింది.

"మామా, బొట్టున్నవేవి?"

"పడ్డాయే. బొట్టు పెట్టించుకున్న ముత్తైదువల్ని వలలో ఈడుస్తామా? దణ్ణమెట్టి వదిలేశాం."

తల బాదుకుంది గైరమ్మ. ఇంకొక్క వల వెయ్యనిమ్మని రాజు కాళ్ళమీద పడింది. ఆపైన కుంకుమ భరిణె పట్టుకుని ఒడ్డున నిలబడి, కొండలన్నీ మారుమోగేలా పిలిచింది: "రాజుగారి ముందు పేరంటం, రండమ్మా!" పిలిచాక తీసుకురావడంలో తప్పేముంది? మామగారు ఈసారి ఒక్కదాన్నీ వదల్లేదు.

చూస్తే, పదింటికొకటి చొప్పున బొట్టుంది. గైరమ్మ విడమరిచి చెప్పింది. వలలో పదింటికొకటైతే ఆవలోనూ అంతే. నేను పెట్టిన బొట్లు వంద. కాబట్టి తాబేళ్ళు వెయ్యి.

"సరిగ్గా వెయ్యేనా?"

"అటో ఇటో కొన్ని ఉంటాయి ప్రభూ. వరసలో నిలబడి పేర్లు చెప్పవు కదా!"

రాజు నవ్విన నవ్వుకి కోట బురుజు బీటలిచ్చింది. ఎత్తిన పారలు దిగాయి, పొయ్యిలు వెలిగాయి, తాబేళ్ళు నీళ్ళలోకి జారాయి.

చూశారా, ఎంతుందో తెలుసుకోవడానికి ఉన్నదంతా పాడుచెయ్యక్కర్లేదు. కథ ఒడ్డెక్కింది, మీరు దుప్పట్లో దూరండి. ఏమిట్రా, కోతలంటావా? ఆ లక్క కాచింది మా మేనత్తే. వెళ్ళి అడుగు, పేరు సన్నాసమ్మ.