మలీద రుచించని మౌలాలి

"'ఆ మాత్ర మింగుతా ఉంటే బతికుండంగానే పీనుగైతావు' అని మాబుగాడు అన్నాడు తాతా. వాడు అన్నదే నిజం. ఇంక నేను మింగను."

మౌలాలి మాత్రల అట్ట తీసి మదార్ తాత ముందర పడేసినాడు.

మదార్ తాత ఆ చిన్న దర్గాను చూసుకునే ఫకీరు. మౌలాలి లారీ డ్రైవరు. దూరం లోడ్లకు పోయి పోయి, ఒళ్ళునొప్పులు తెలీకుండా ఉండేదానికి నల్లమందు అలవాటు చేసుకున్నాడు. ఒకసారి స్టీరింగ్ మీదనే కన్ను మూతపడింది. ఆయుసు ఉండి బతికినాడు. అప్పట్నుంచి తాత దగ్గరే ఉన్నాడు, శిష్యుడిగా. మందు జోలికి పోకుండా పెద్దాసుపత్రి డాక్టరు ఈ మాత్ర ఇచ్చినాడు.

"నీతో నల్లమందు తిన్న ఆ మాబుగాడు యాడ కనిపించినాడు నీకు?" అన్నాడు తాత.

"యాడైతే ఏం? ముందు నా బాధ విను."

"చెప్పు. చెవులు ఇంకా పనిచేస్తాండాయి."

"నిన్న మలీద చేసినానా. రొట్టె నలిపి, బెల్లం, నెయ్యి కలిపి, నోట్లో ఏసుకున్నా. తీపి తెలుస్తాంది. నెయ్యి వాసన తెలుస్తాంది. ఇంకో ముద్ద తినాలని మాత్రం లేదు. ముందైతే దర్గా ముందర పెట్టి ఫాతెహా చదవకముందే సగం తినేస్తానని నువ్వే తిట్టేవాడివి."

"నాకు తిట్టే పని తప్పింది."

"నవ్వకు తాతా. భయమైతాంది." మౌలాలి తాత ముందర కూర్చున్నాడు. "డాక్టరే చెప్పినాడు. రుచైంది తింటే మన తలకాయలోనే నల్లమందులాంటిది కొంచెం ఊరుతాదంట. 'ఇది బాగుంది, మళ్ళీ రా' అని అదే మనకు నేర్పిస్తాదంట. ఈ మాత్ర బయటి మందుకు తలుపు మూస్తే, కొందరికి లోపలిదానికీ మూసుకుంటాదంట. ఇట్లే ఆకలి చచ్చిపోతే? రేపు నా బిడ్డ ముద్దు పెట్టినా ఏమీ అనిపించకపోతే?"

తాత అట్ట తీసి జేబులో పెట్టుకున్నాడు.

"బెల్లం అయిపోయింది. ఎదురుగా మస్తానమ్మ అంగట్లో తీసుకురా పో."

"నేను ఏమడిగితే నువ్వు ఏం చెప్తాండావు?"

"బెల్లం."

మౌలాలి సంచి తీసుకుని విసురుగా పోయినాడు. తలలో మాబుతో, డాక్టరుతో, తాతతో కొట్లాడుకుంటానే నడిచినాడు. ఎండ మాడుస్తాంది.

ఏదో తలుపు తట్టబోయిన చెయ్యి గాల్లో ఆగింది.

రేకు తలుపు. బైపాసు పక్కన, లారీలు నిలబెట్టే చోటుకు వెనక. నల్లమందు అమ్మే ఇల్లు. మస్తానమ్మ అంగడి ఎప్పుడు దాటినాడో గుర్తులేదు. అంత పెద్ద రోడ్డు ఎట్ల దాటినాడో గుర్తులేదు.

నోట్లో నీళ్ళు ఊరుతాండాయి.

మలీద ముద్దకు ఊరని నోరు అది. మౌలాలి వెనక్కి అడుగెయ్యాలనుకున్నాడు. అడుగు పడలేదు. లోపల ఎవరో దగ్గినారు. చెప్పుల చప్పుడు తలుపు దగ్గరికి వస్తాంది.

"మౌలాలీ."

వెనక తాత. ఆయాసపడతా, తలమీద టోపీ లేకుండా, ఒక కాలికే చెప్పుతో.

"అంగడి దగ్గర పిలిచినా, పలకలేదు. రోడ్డు మధ్యలో పిలిచినా, పలకలేదు."

"నేను రాలేదు తాతా." మౌలాలికి ఏడుపొస్తాంది. "బెల్లానికే బయల్దేరినా. అల్లా మీద ఒట్టు, నేను రాలేదు."

తాత జేబులోంచి అట్ట తీసినాడు. ఒక మాత్ర ఒలిచి, అరచేతిలో పెట్టి, చెయ్యి చాపినాడు.

లోపల గడియ కదిలింది.

మౌలాలి మాత్ర తీసుకున్నాడు. నీళ్ళు లేవు. నోట్లో ఊరిన ఆ నీళ్ళతోనే మింగినాడు.

"తెలీకుండా వచ్చినావు," అన్నాడు తాత, వాని చెయ్యి పట్టుకుని. "తెలిసి వెనక్కి పోదాం, పద."

మీరూ రోజూ ఏదో ఒక బెల్లానికే బయల్దేరతారు. మరి మీ కాళ్ళు, మిమ్మల్ని అడక్కుండా, తీసుకుపోయి ఏ తలుపు ముందర నిలబెడతాండాయి?