కొర్లమ్మ తవ్విన గొయ్యి

తూర్పున సముద్రం, పడమర కొండ, నడుమ మా ఊరు. ఇప్పుడంటే మునిసిపాలిటీ. నేను చెప్పే నాటికి తారు రోడ్డు లేదు, వీధి దీపం లేదు, బస్సు లేదు. ఇసకా మొగలి పొదలూ పీతలూ, అంతే.

ఒడ్డున బెస్తోళ్ల గుడిసెలు మూడు వరసలుండేవి. మొదటేడు ఒక వరస సముద్రం తినేసింది. రెండో ఏడు ఇంకో వరస. మూడో ఏడు మిగిలినవాళ్లు కొండవైపు జరుగుదామనుకున్నారు. సరే, ఎక్కడ? దారి మధ్యలో ఒకచోట మిట్టమధ్యాన్నం కూడా ఇసక చల్లగా ఉండేది. ఊరిపెద్ద ఎల్లాజీ అక్కడే ఇళ్లకి ముగ్గు పోయించాడు.

చేపలమ్ముకునే కొర్లమ్మ రోజూ అక్కడే గంప దించి అలుపు తీర్చుకునేది. అక్కడ పెడితే చేప చెడదు. ఎందుకు చెడదా అని ఎన్నో ఏళ్లు ఆలోచించింది.

"అక్కడొద్దురా ఎల్లాజీ. కొండమీంచి దిగే నీటి గెడ్డ పూర్వం ఇటేపే పారుంటాది. ఇసక కింద తొంగుంది. పెద్ద వానొస్తే లేస్తాది" అంది.

"నీ చేపలకి చల్లదనం కావాల గానీ మా పిల్లలకొద్దేటే అప్పా?" అన్నాడు ఎల్లాజీ.

అందరూ నవ్వారు. అక్కడే గుంజలు పాతుకుంటున్న ఆమె కొడుకూ నవ్వాడు.

"పోనీ తవ్వి సూడండి."

"నువ్వే తవ్వుకో."

పార తెచ్చుకుని తవ్వింది. మొదటిరోజు మోకాలి లోతు. పొడి ఇసక. "గెడ్డ లేచిందా అప్పా?" అని నవ్వారు. రెండోరోజు నడుం లోతు. కాస్త తడి. "సముద్రం పక్కన తడుండక నిప్పులుంటాయేటి?" అని నవ్వారు. మూడోరోజు మెడ లోతు. ఆ రోజు నవ్వడానికైనా ఎవరూ రాలేదు. తాటాకులు మోసే పనిలో ఉన్నారు.

కొడుకు అంబలి పట్టుకొచ్చేసరికి గొయ్యి లేదు. ఇసక జారి పూడిపోయింది.

చేతులతో తోడి తీశారు. ప్రాణం లేదు. గుప్పిట్లో నల్ల బురద, రెండు నత్తలు. ఎల్లాజీ ఆ బురద నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పు లేదు. గెడ్డదే" అన్నాడు.

ముగ్గు చెరిపేశారు. కాళ్లు కాలే ఎత్తు దిబ్బమీద ఇళ్లేసుకున్నారు. ఆ యేడే మూడు రోజులు వాన. గెడ్డ లేచింది. ముగ్గు పోసిన చోటు నిండా నీళ్లు. దిబ్బమీద ఒక్క పొయ్యీ ఆరలేదు.

అప్పట్నుంచీ మా ఊళ్లో ఎవరు గోతిలో దిగినా, పునాదికైనా నూతికైనా మునిసిపాలిటీ కాలవకైనా, గట్టుమీద ఒక మనిషి నిలబడాల్సిందే. వాళ్లు పైకొచ్చేదాకా కదలకూడదు. ఉండుండి "కొర్లమ్మా, ఇక్కడే ఉన్నాం" అని పిలవాలి.

కింద ఉన్నది ఎవరైనా సరే, అలాగే పిలుస్తారు. కిందనుంచి "ఆఁ" అనాలి.